సూదిమొనతో రాసిన చరిత్ర



మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు సూది, దారం పట్టుకుని కూర్చుంటే "ఏదో కాలక్షేపానికి కుట్టుకుంటోంది" అంటారు. దిండు గలీబు మీద నెమలినీ, బల్లగుడ్డ అంచున లతల్నీ చూసి బాగున్నాయని మెచ్చుకుంటారు. నాలుగేళ్ళకి అవి చిరిగిపోతే మసిగుడ్డలవుతాయి. అంతటితో సరి. అలాంటి సూదితోనే ఒక సమాజం వారు తమ మూడు వందల ఏళ్ళ పైబడిన చరిత్రని బట్టమీద కుట్టి పెట్టుకున్నారంటే మీకు ఆశ్చర్యంగా లేదూ? ఇంకా విచిత్రమేమిటంటే, ఆ సమాజం వారు ఒకప్పుడు గోడకి బొమ్మ కూడా తగిలించుకునేవారు కారు. చనిపోయినవారి సమాధి మీద పేరు చెక్కిన రాయి నిలబెట్టడం కూడా ఆడంబరమే అనుకునేవారు. ఆనవాళ్ళే అక్కర్లేదన్నవాళ్ళు అంత చరిత్రని ఎలా దాచుకున్నారు? ఇవాళ ఆ సంగతే మీతో చెప్పుకుందామని వచ్చాను.

వాళ్ళని క్వేకర్లు అంటారు. వాళ్ళు తమకు తాము పెట్టుకున్న పేరు మిత్ర సమాజం. 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండు అంతర్యుద్ధంతో అతలాకుతలమైపోయిన రోజుల్లో జార్జి ఫాక్స్ అనే నేతపనివాడి కొడుకు ఊరూరా తిరుగుతూ ఒక మాట చెప్పాడు. భగవంతుడి వెలుగు ప్రతి మనిషిలోనూ ఉంది, దాన్ని తెలుసుకోడానికి మధ్యన పూజారి అక్కర్లేదు అని. 1650లో అతన్ని న్యాయాధికారి ముందు నిలబెడితే, "దేవుడి మాట విని వణకండి" అన్నాడట. ఆ న్యాయాధికారి వెక్కిరింతగా "వణికేవాళ్ళు" అన్నాడు. క్వేకర్ అంటే అదే అర్థం. తిట్టుగా వచ్చిన పేరు చివరికి స్థిరపడిపోయింది.

ఇంగ్లండులో వాళ్ళ ప్రార్థన చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. పాట లేదు, దీపం లేదు, పురోహితుడు లేడు. అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలినుంచి మాట వస్తే లేచి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటారు. ఆ లేచేది మగవాడే కావాలని లేదు. ఇంటి పనిమనిషి అయినా సరే లేచి మాట్లాడవచ్చు. మూడు వందల డెబ్బై ఏళ్ళ క్రితం మాట ఇది!

ఇంకో సంగతి మనకి బాగా అర్థమవుతుంది. మనం చిన్నవాళ్ళని "నువ్వు" అనీ, పెద్దవాళ్ళని "మీరు" అనీ అంటాం కదా. ఆ రోజుల్లో ఇంగ్లీషులోనూ అలాంటి తేడా ఉండేది. క్వేకర్లు మాత్రం జమీందారునీ, న్యాయాధిపతినీ కూడా "నువ్వు" అనే పిలిచేవారు. ఎవరి ముందూ టోపీ తీసేవారు కారు. కోర్టులో ప్రమాణం చేయమంటే, "మేం ఎప్పుడూ నిజమే చెప్తాం, ప్రత్యేకం ప్రమాణం ఎందుకు?" అనేవారు. ఇక చూడండి, జైళ్ళు నిండిపోయాయి.

అలాంటివాళ్ళు శిలావిగ్రహాలు పెట్టుకుంటారా? సమాధిరాళ్ళయినా పెట్టుకోవచ్చని బ్రిటన్‌లోని వారి వార్షిక సమావేశం ఒప్పుకున్నది 1850లో. అదీ అన్నీ ఒకేరకంగా, చిన్నవిగా, సాదాగా ఉండాలన్న షరతుమీద. బీదవాడి రాయీ, ధనవంతుడి రాయీ ఒకటే.

కాని ఒక్క విషయంలో మాత్రం వాళ్ళు మొదటినుంచీ మహా జాగ్రత్తపరులు. కాగితం! జరిగింది జరిగినట్టు రాసి దాచేవారు. ఏ ఊళ్ళో ఎవరిని పట్టుకెళ్ళారు, చర్చి పన్ను కట్టలేదని ఎవరింట్లో ఏ ఆవుని తోలుకుపోయారు, ఏ వంటపాత్రలు జప్తు చేశారు అన్నీ రాసిపెట్టి లండనుకి పంపేవారు. ఆ కష్టాల కథలన్నిటినీ జోసెఫ్ బెస్ అనే ఆయన 1753లో రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేయించాడు. రాజుల చరిత్రలో ఒక బీదరాలి ఇత్తడి గిన్నె పోయిన సంగతి ఎక్కడైనా చదివామా? వీళ్ళ చరిత్రలో ఉంది.

అంతకన్నా నాకు నచ్చిన విషయం మరొకటుంది. 1673లో లండనులో వాళ్ళు ఒక తీర్మానం చేసుకున్నారు. తమవాళ్ళు రాసిన ప్రతి పుస్తకానికీ రెండేసి ప్రతులు దాచాలి. తమను తిడుతూ ఇతరులు రాసిన పుస్తకాలు కూడా ఒక్కొక్క ప్రతి దాచాలి. చూశారా! మనల్ని ఎవరైనా నాలుగు మాటలంటే ఆ ఉత్తరం చింపి పొయ్యిలో పడేస్తాం. వీళ్ళు తిట్లనీ బీరువాలో పెట్టారు. అలా మొదలైన గ్రంథాలయం లండనులోని వారి ప్రధాన కార్యాలయంలో ఈనాటికీ నడుస్తోంది.

అయితే ఈ కాగితాలన్నీ లండను పెద్దలే దాచారనుకుంటే పొరపాటు. అందులో ఒక ఇల్లాలి పాత్ర ఎంతో ఉంది. ఆవిడ పేరు మార్గరెట్ ఫెల్.

ఇంగ్లండు వాయవ్య మూలన అల్వర్‌స్టన్ అనే ఊరి దగ్గర స్వార్త్‌మూర్ హాల్ అనే పెద్ద ఇల్లుంది. ఆ ఇంటి యజమాని థామస్ ఫెల్ న్యాయాధిపతి. 1652లో ఆయన ఊళ్ళో లేని సమయంలో జార్జి ఫాక్స్ ఆ ఇంటికి వచ్చాడు. మార్గరెట్, పిల్లలు, నౌకర్లు అంతా అతని మాటలకి కరిగిపోయారు. భర్త తిరిగి వస్తూంటే దారిలోనే ఇరుగుపొరుగువాళ్ళు గుర్రాలమీద ఎదురెళ్ళి, నీ భార్యకి ఎవరో మందు పెట్టారన్నంత పని చేశారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎంత గుబులుగా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. కాని ఆయన నిదానస్తుడు. అంతా విన్నాడు. తాను క్వేకరు కాలేదు గాని, తన ఇంట్లోనే సమావేశాలు జరుపుకోనిచ్చాడు. 1658లో చనిపోయేవరకూ వాళ్ళకి అండగా నిలిచాడు.

ఊరూరా తిరిగే ప్రచారకులు, జైళ్ళలో ఉన్నవాళ్ళు రాసే ఉత్తరాలన్నీ మార్గరెట్‌కే వచ్చేవి. వాటిని ఆవిడ పారేయకుండా దాచింది. స్వార్త్‌మూర్ కాగితాలని పేరుపడ్డ ఆ కట్టల్లో వెయ్యికి పైగా ఉత్తరాలున్నాయి. అవి లేకపోతే తొలినాటి క్వేకర్ల చరిత్రలో సగం మనకి తెలియకపోను. 1654లో ఆవిడ కెండాల్ పట్నం పేరుమీద ఒక నిధి కూడా ఏర్పరచింది. జైలుకెళ్ళినవారి కుటుంబాలకూ, కాలినడకన తిరిగేవారి బట్టలకూ, చెప్పులకూ ఆ డబ్బు ఉపయోగపడేది. ఆ నిధి లెక్కలూ దాచిపెట్టారు.

1664లో ఆవిడనీ జైల్లో పెట్టారు. ఇంట్లో సమావేశాలు జరపడం ఒక నేరం, ప్రమాణం చేయకపోవడం ఇంకో నేరం. నాలుగేళ్ళు లాంకాస్టర్ కోటలో ఉంది. అక్కడే కూర్చుని, దైవకార్యంలో స్త్రీలు నోరు విప్పి మాట్లాడవచ్చునని వాదిస్తూ ఒక చిన్న పుస్తకం రాసింది. అది 1666లో అచ్చయింది. తరవాత 1669లో జార్జి ఫాక్స్‌ని పెళ్ళి చేసుకుంది. పెళ్ళికి ముందు అతను ఆవిడ కూతుళ్ళని అడిగి వాళ్ళ సమ్మతి తీసుకున్నాడు. ఆవిడ ఆస్తి జోలికి రానన్నాడు.

ఆవిడ కూతుళ్ళలో శారా ఫెల్ అనే ఆవిడ ఆ ఇంటి జమాఖర్చుల పుస్తకం రాసేది. 1673నుంచి 1678వరకు రాసిన పద్దులు నిలిచాయి. ఏ సరుకుకి ఎంత పెట్టారు, పొలంలో పనిచేసిన ఆడకూలీకి ఎంత ఇచ్చారు, ఇనుప కొలిమి లెక్క ఎంత, ఎవరెవరి పేరన ఏం కొన్నారు అన్నీ అందులో ఉన్నాయి. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని పుస్తకంగా అచ్చు వేసింది. ఆ కాలపు ధరలూ, కూలీలూ తెలుసుకోవాలనే చరిత్రకారులు ఆ ఇల్లాలి పద్దుల్నే వెతుక్కుంటూ వెళ్తారు.

ఇది చదివిన రోజున నాకు ఒక విషయం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మా అత్తగారు రోజూ రాత్రి భోజనాలయ్యాక లాంతరు దగ్గర కూర్చుని పద్దు రాసేవారు. బియ్యం, కిరసనాయిలు, చాకలి పద్దు, పురిటికి వచ్చిన ఆడపడుచు చీర, ఏదీ వదిలేవారు కాదు. ఆవిడ పోయాక ఇల్లు సర్దుతూ ఆ పుస్తకాలన్నీ నేనే, ఈ చేతులతోనే, పాత కాగితాలవాడికి తూకానికి వేశాను. "ఇవి ఎవరిక్కావాలి?" అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, నాకే కావాలి.

సరే, కథలోకి వద్దాం. చరిత్ర దాచుకోవడమంటే మంచి సంగతులు దాచుకోవడం ఒక్కటే కాదు కదా. క్వేకర్ల చరిత్రలోనూ తలవంచుకోవలసినవి ఉన్నాయి. వాళ్ళు బానిసత్వాన్ని ఎదిరించారని అందరికీ తెలుసు. ఆఫ్రికా వాళ్ళని పట్టుకొచ్చి అమ్మే వ్యాపారం ఆపమని 1783లో బ్రిటిష్ పార్లమెంటుకి మహజరు పెట్టారు. 1787లో లండనులో అందుకోసం సంఘం పెట్టిన పన్నెండుమందిలో తొమ్మిదిమంది క్వేకర్లే. కాని అంతకుముందు సంగతి? అమెరికాలో ఎంతోమంది క్వేకర్లకు సొంత బానిసలుండేవారు.

1688లో పెన్సిల్వేనియాలో జర్మన్‌టౌన్ అనే ఊళ్ళో నలుగురు మనుషులు, ఇది అన్యాయం, మనల్ని ఎవరైనా ఇలా పట్టుకెళ్ళి అమ్మితే ఒప్పుకుంటామా అని ఒక కాగితం రాసి పై సమావేశానికి పంపారు. ఆ సమావేశం ఇది చాలా పెద్ద విషయమంటూ ఇంకా పైకి పంపింది. అక్కడివాళ్ళూ అదే మాట అని చివరికి ప్రక్కన పెట్టేశారు. మనిషిని సొంతం చేసుకోవడాన్ని ఫిలడెల్ఫియా క్వేకర్లు పూర్తిగా నిషేధించేసరికి 1776 వచ్చింది. అంటే 88 ఏళ్ళు! ఎన్ని బ్రతుకులు ఈలోగా తెల్లవారిపోయాయో.

ఆ కాగితం ఏమైందంటారా? మరుగున పడిపోయి 1844లో దొరికింది. మళ్ళీ ఎక్కడో పోయింది. మళ్ళీ 2005లో ఫిలడెల్ఫియాలోని వాళ్ళ పాత సమావేశ మందిరంలో, పాత దస్తావేజులు దాచే గదిలో కనిపించింది. కనిపించాక, పెద్దలకి అప్రతిష్ఠ అని దాన్ని మూలకి తోసెయ్యలేదు. భద్రం చేసి, చదవదల్చుకున్నవారికి అందుబాటులో ఉంచారు. తాతలు చేసిన తప్పుని మనవలు దాచిపెట్టకపోవడం కూడా పెద్దల్ని గౌరవించడమేనని నాకనిపిస్తుంది.

ఇక మన సూది దగ్గరికి వద్దాం. ఎలిజబెత్ ఫ్రై పేరు మీలో చాలామంది వినే ఉంటారు. పదకొండుమంది పిల్లల తల్లి. 1813లో లండనులోని న్యూగేట్ జైలుకి వెళ్ళి, ఆడఖైదీలు పసిపిల్లలతో కటిక నేలమీద పడి ఉండడం చూసి చలించిపోయింది. 1817లో కొందరు స్త్రీలని కూడగట్టి సంఘం పెట్టి, ఖైదీల పిల్లలకి చదువు, తల్లులకి కుట్టుపని నేర్పించింది. ఓడల్లో ఆస్ట్రేలియాకి ప్రవాసశిక్ష మీద పంపే ఆడవాళ్ళకి ఆ సంఘంవారు తలా ఒక సంచీ ఇచ్చేవారు. అందులో వంద సూదులు, దారాలు, గుండుసూదులు, కత్తెర, రెండు పౌన్ల గుడ్డముక్కలు ఉండేవి. నెలల తరబడి సముద్రప్రయాణం. చేతికి పని ఉంటే మనసుకి కాస్త ఊరట. అక్కడ దిగాక అమ్ముకుంటే నాలుగు డబ్బులు.

1841లో "రాజా" అనే ఓడలో వెళ్ళిన 180 మంది ఆడఖైదీలలో కొందరు దారిలో ఆ ముక్కలతో ఒక పెద్ద బొంత కుట్టారు. మన బొంతలాంటిదే గాని, రెండువేల ఎనిమిదివందల పైచిలుకు ముక్కలు! నడుమ పువ్వులు, పక్షులు. అంచున తమకి ఆ గుడ్డముక్కలిచ్చిన అమ్మలకి కృతజ్ఞతగా నాలుగు వాక్యాలు కుట్టారు. తరవాత అది ఎటుపోయిందో ఎవరికీ తెలియలేదు. 1987లో స్కాట్లండులో ఒక ఇంటి అటకమీద దొరికింది. ఇప్పుడు కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో ఉంది. కుట్టినవారి పేర్లు మాత్రం దానిమీద లేవు. రాజా ఓడ ఖైదీలు, అంతే.

ఇదంతా ఇలా ఉండగా, 1981లో ఇంగ్లండులోని టాంటన్ పట్నంలో ఆన్ విన్-విల్సన్ అనే ఆవిడ క్వేకర్ల పిల్లలకి ఆదివారం పాఠాలు చెప్తూ ఉండేది. ఆ తరగతిలో ఒక 11 ఏళ్ళ కుర్రవాడితో మాట్లాడుతూ ఉండగా ఒక ఆలోచన పుట్టింది. ఈ చరిత్రనంతా బొమ్మలుగా కుడితే ఎలా ఉంటుంది? ఫ్రాన్సులో బయ్యూ అనే ఊళ్ళో 1066నాటి యుద్ధాన్ని కథగా కుట్టిన తొమ్మిదివందల ఏళ్ళ నాటి పొడుగాటి బట్ట ఉంది. దాని మాదిరిగానే ఊలుదారంతో కుడదామనుకున్నారు. అది రాజుల యుద్ధం కథ. వీళ్ళది యుద్ధమే వద్దన్నవారి కథ.

ఒక్కొక్క పలక 25 అంగుళాల పొడవు, 21 అంగుళాల వెడల్పు. ఇందుకోసం ఊలు బట్ట ప్రత్యేకం నేయించారు. పైన నాలుగు మాటల్లో కథ, నడుమ ముఖ్యమైన బొమ్మ, అడుగున పిల్లలు గీసిన బొమ్మలు. మన కాడకుట్టు, గొలుసుకుట్టు, ముడికుట్టు లాంటివే వాడారు. అక్షరాల వంపులు చక్కగా రావడానికి సరైన కుట్టు దొరక్క ఆన్‌గారు తనే ఒక కొత్త కుట్టు కనిపెట్టింది. దానికి క్వేకరు కుట్టు అని పేరు. ఊళ్ళూళ్ళా శిక్షణ తరగతులు పెట్టి నేర్పింది. చెయ్యి తిరిగినవాళ్ళే రావాలని లేదు. ఎన్నడూ సూది పట్టని మగవాళ్ళు కూడా కూర్చుని కుట్టారు. 1996 నాటికి 77 పలకలు పూర్తయ్యాయి. పదిహేనేళ్ళు, 15 దేశాలు, నాలుగువేలమంది చేతులు!

అందులో జార్జి ఫాక్స్ ఉన్నాడు, మార్గరెట్ ఫెల్ ఉంది, ఎలిజబెత్ ఫ్రై ఉంది. జైళ్ళున్నాయి, బానిసత్వంతో పోరాటముంది, ఇనుప కొలుములున్నాయి, చాక్లెట్టు తయారుచేసిన క్వేకరు కుటుంబాలున్నాయి. వీటిలో చాలా పలకల్ని 1994నుంచి కెండాల్ పట్నంలో, 1816లో కట్టిన వాళ్ళ సమావేశ మందిరంలోనే ప్రదర్శనగా పెట్టారు. ఏ కెండాల్? మార్గరెట్ ఏర్పరచిన నిధికి పేరిచ్చిన ఊరే. ఆ చుట్టుప్రక్కలే స్వార్త్‌మూర్ హాల్ కూడా ఉంది. చేతులు మారి పాడుబడ్డ ఆ ఇంటిని 1912లో మార్గరెట్ వంశంలోని ఆడపడుచు ఒకావిడ తిరిగి కొంది. 1954లో అది మిత్ర సమాజం చేతికి వచ్చింది. బ్రిగ్‌ఫ్లాట్స్ అనే పల్లెలో 1675లో కట్టిన మందిరమూ ఉంది. మెట్ల క్రింద చిన్న దొడ్డి! గొర్రెలకాపరులు ప్రార్థనకి వస్తే వెంటవచ్చిన కుక్కలు అందులో ఉండేవట. అలాంటి చిన్న ముచ్చట కూడా చెడగొట్టకుండా కాపాడుకున్నారు.

మీకొక సందేహం రావచ్చు. బొమ్మలే వద్దన్నవాళ్ళు ఇన్ని రంగులతో బొమ్మలు కుట్టుకుంటే అది తాతల మాట తప్పడం కాదా? దీనికి జవాబు మార్గరెట్ ఫెల్లే చెప్పి పోయింది. ఆవిడ ముసలితనంలో క్వేకర్లలో కొందరు, అందరూ ఒకేరకం మాసిన రంగు బట్టలే కట్టాలని నియమాలు పెట్టసాగారు. 1700లో, ఎనభయ్యారేళ్ళ వయసులో, ఆవిడ దాన్ని ఖండిస్తూ ఉత్తరం రాసింది. బట్ట రంగులో ఏముంది, లోపలి వెలుగు ముఖ్యం గాని అని దాని సారాంశం. సాదాతనం వేరు, బోసితనం వేరు అని ఆవిడకి తెలుసు. ఆ ఉత్తరమూ ఎవరో దాచారు కాబట్టే మనకి తెలిసింది.

మనదేశంతోనూ వీళ్ళకి చుట్టరికముంది. రేచెల్ మెట్‌కాఫ్ అనే క్వేకరు మహిళ 1866లో కాశీకి వచ్చి, తరవాత మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో పనిచేసింది. గాంధీగారికి ఆప్తులైన అగాథా హారిసన్, హొరేస్ అలెగ్జాండర్ క్వేకర్లే. మద్రాసులోనూ, శాంతినికేతన్‌లోనూ, సేవాగ్రామ్‌లోనూ చదువు చెప్పిన మార్జోరీ సైక్స్ కూడా. యుద్ధబాధితులకి చేసిన సేవకి బ్రిటిష్, అమెరికన్ క్వేకరు సంస్థలు రెండిటికీ కలిపి 1947లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఇంత కథా ఎందుకు చెప్పానంటే, చరిత్ర కాపాడడానికి పెద్ద భవనాలూ, పెద్ద చదువులూ అక్కర్లేదని మనకు మనం చెప్పుకోవడానికే. ఒక ఇల్లాలు ఉత్తరాలు దాచింది. ఒక కూతురు పద్దు రాసింది. పేరు తెలియని ఖైదీలు బొంత కుట్టారు. ఒక పంతులమ్మ పిల్లవాడి మాట చెవిన పెట్టింది. మీ ఇంట్లో మీ అమ్మగారి చేతిరాత కాగితం ఏదైనా ఉంటే ఇవాళే తీసి, దులిపి, ఒక గుడ్డసంచీలో పెట్టండి. కుట్టిన గలీబు ఉంటే దాని వెనకవైపు కుట్టినవారి పేరూ, సంవత్సరమూ నాలుగు కుట్లు వెయ్యండి. మా అత్తగారి పద్దు నేను నిలుపుకోలేకపోయాను. కాని ఆవిడ కుట్టిన దీపాల గుడ్డ ఒకటి మిగిలింది. నిన్న దాని వెనక ఆవిడ పేరు కుట్టాను. పది నిమిషాలు పట్టింది.

సెలవు.